ఎవరి గుండె కొలబద్ద?

మా పెద్దమ్మ ట్రెడ్‌మిల్ రిపోర్టు ఇప్పుడు నా దగ్గరుంది. వయసు 56, ఎత్తు, బరువు, బీపీ అన్నీ వరుసగా రాసి, చివర్లో ఇంగ్లీషులో ఒక వాక్యం అచ్చు వేశారు. తెలుగులో చెప్పాలంటే 'శ్రమ చాలలేదు, ఫలితం తేలలేదు' అని. పాకాల దగ్గర ఒక పల్లెలో, కాపురానికి వచ్చిన నాటినుంచీ తెల్లారక ముందే లేచి ఆవుల పాలు పిండి, గడ్డి కోసి, మోపు నెత్తినెత్తుకుని చెరువు కట్ట ఎక్కే మనిషి గురించి ఆ కాగితం 'శ్రమ చాలలేదు' అంటోంది. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి, ఏ వాక్యం కనబడినా అది ఎవరు ఎవరి గురించి అన్నారు, ఏ ప్రమాణంతో అన్నారు అని అడగడం నాకు అలవాటు. ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యంతో నా తగాదా.

జరిగింది ఇది. అలిపిరి మెట్ల దారిలో ఏడాదికోసారి కొండెక్కడం పెద్దమ్మకి మొక్కు. 3550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కడా కూర్చోనిది, ఆ ఏడాది అక్కడికి చేరేలోగా మూడుసార్లు కూర్చుంది. ఇంటికొచ్చాక గడ్డిమోపు ఎత్తినప్పుడల్లా "ఎద మింద రోలు పెట్టినట్టు ఉండాది, దవడ లాగతా ఉండాది, ఈపంతా మంట" అనేది. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్ర ఇచ్చాడు. పట్నంలో డాక్టరు ఈసీజీ తీసి బాగుందన్నాడు. షుగర్ ఉంది కదా అని ట్రెడ్‌మిల్‌కి రాశాడు. రవిక విప్పించి, ముందు తెరుచుకునే ఆసుపత్రి గౌను తొడిగి, ఎద నిండా బిళ్లలు అంటించి, మగ టెక్నీషియన్ ఎదురుగా, ఒట్టికాళ్లతో, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఆ కదిలే పట్టా మీద నడవమన్నారు. నాలుగో నిమిషంలో దవడ పట్టేస్తోందని చెప్పిందట. రిపోర్టులో ఆపడానికి కారణం 'కాళ్ల అలసట' అని ఉంది.

అంతకు ముందు ఏడాదే మా పెద్దనాన్న టీ అంగట్లో ఎద పట్టుకుని కూలబడ్డాడు. ఆయన్ని ఎవరూ గ్యాస్ మాత్ర దగ్గర ఆపలేదు. ఊరు ఊరంతా ఆటో ఎక్కించి తీసుకుపోయారు. ఆ సాయంత్రానికి యాంజియోగ్రామ్, మర్నాటికి స్టెంట్, ప్రభుత్వ పథకం కిందే. ఆయన బతికినందుకు నాకు సంతోషమే. ఒకే ఇంట్లో, ఒకే వంట తిని, ఒకే షుగర్ మాత్ర మింగే ఇద్దరిలో ఒకరి నొప్పి ఒక్క పూటలో ఆసుపత్రి చేరితే, రెండోది ఎనిమిది నెలలు ఎందుకు తిరిగిందన్నదే నా ప్రశ్న.

ఎనిమిది నెలల తర్వాత ఆమెకీ యాంజియోగ్రామ్ చేశారు. పెద్ద రక్తనాళాల్లో చెప్పుకోదగ్గ అడ్డు లేదు. "గుండె బాగుందమ్మా, మనసే బాగాలేదు, టెన్షన్ తగ్గించుకో" అని నిద్ర మాత్ర రాసి పంపారు. ట్రెడ్‌మిల్ తేల్చలేదంది, యాంజియోగ్రామ్ లేదంది. రెండు పరీక్షలూ కలిసి ఆమెని అబద్ధాలకోరుని చేశాయి. ఇంట్లో వాళ్లకీ ఒక మాట దొరికింది, "నీకేం లేదన్నారు కదా?" అని.

తిరుపతికి యంత్రాల కరువు లేదు. 1960లలో రుయా వచ్చింది, 1993 నాటికి స్విమ్స్ తలుపులు తెరిచింది, 2021లో పిల్లల గుండె జబ్బుల కోసం పద్మావతి హృదయాలయం మొదలైంది. చిత్తూరు వాళ్లకి సరిహద్దు దాటితే రాయవేలూరు. మగ డాక్టరుకి చూపించడం కన్నా చావనివ్వడమే మేలనుకునే ఇళ్లని చూసి ఇడా స్కడ్డర్ 1918లో ఆడపిల్లల కోసమే వైద్య పాఠశాల పెట్టింది అక్కడే. ఇన్ని ఉన్నా, 'ఏ పరీక్ష మంచిది?' అని అడిగితే వచ్చే జవాబు ఆడదాని గుండెకి ఎందుకు సరిపోవడం లేదో చూడాలి. అందుకు ఆ పరీక్షల్ని పక్కపక్కన పెట్టి చదవాల్సిందే. అది డాక్టర్ల పని, మనకెందుకు అని వదిలేస్తే, పెద్దమ్మ గురించి రాసిన వాక్యాన్ని కూడా వాళ్లకే వదిలేసినట్టు.

గుండెలో రక్తనాళాల జబ్బు పట్టే పరీక్షలు రెండు రకాలు. ఒక రకం గుండె పనిని చూస్తాయి. ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఈసీజీ గీతలు చూడటం, వ్యాయామం లేదా మందు ఇచ్చి ఎకో తీయడం, రేడియోధార్మిక పదార్థం ఎక్కించి కండరానికి రక్తం అందే తీరు చూసే థాలియం వంటి న్యూక్లియర్ స్కాన్, ఎంఆర్‌ఐ, పెట్ స్కాన్ ఈ కోవలోవి. రెండో రకం నాళాల రూపాన్ని చూస్తాయి. డై ఎక్కించి తీసే సీటీ యాంజియోగ్రామ్, చేతిలోంచో తొడలోంచో గొట్టం పంపి తీసే మామూలు యాంజియోగ్రామ్ ఆ కోవలోవి.

వీటిని పోల్చిన లెక్కలున్నాయి. 1999లో, అప్పటిదాకా స్త్రీల మీద జరిగిన అధ్యయనాల్ని కలిపి చూశారు. జబ్బున్న స్త్రీలు వందమంది ఉంటే ట్రెడ్‌మిల్ 61 మందిని పట్టుకుంది. జబ్బు లేని వందమందిలో 70 మందినే లేదని సరిగ్గా చెప్పింది. వ్యాయామంతో తీసిన ఎకోకి ఆ అంకెలు 86, 79. థాలియంకి 78, 64. ఈ పట్టిక చూసి ఎకో గెలిచింది, ట్రెడ్‌మిల్ ఓడింది అనుకుంటాం. కానీ జబ్బున్నవాళ్లు, లేనివాళ్లు అని మొదట విడదీసింది ఎవరు? యాంజియోగ్రామ్. పెద్ద నాళంలో అడ్డు కనబడితే జబ్బు, కనబడకపోతే లేదు. మిగతా పరీక్షలన్నిటికీ అదే గీటురాయి. దానితో ఏకీభవిస్తే నిజం, ఏకీభవించకపోతే 'ఫాల్స్ పాజిటివ్'.

ఈ తర్కం మనకి కొత్తది కాదు. సాహిత్యంలో ఏది కావ్యమో మొదట కొందరు నిర్ణయిస్తారు. తర్వాత వచ్చే ప్రతి రచననీ దానితో కొలుస్తారు. ఆ కొలతకి ఒదగని ఆడవాళ్ల రాతలు 'అనుభవాలు', 'ఆక్రోశాలు' అవుతాయి గానీ సాహిత్యం కావు. ఆ కొలబద్దనే ప్రశ్నించి మనం ఇక్కడిదాకా వచ్చాం. ఆసుపత్రిలో అదే కొలబద్ద ఎదురైతే మాత్రం చేతులు కట్టుకుని నిలబడతాం.

కొలబద్ద ఎలా తయారైందో కొన్ని ఉదాహరణలు చూడండి. ఆస్పిరిన్ గుండెపోటుని ఆపుతుందా అని 1980లలో అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధనలో పాల్గొన్నది 22,071 మంది డాక్టర్లు. అందరూ మగవాళ్లే. 1987లో అక్కడే వచ్చిన ఇంకో అధ్యయనంలో న్యూక్లియర్ స్కాన్‌లో తేడా కనబడిన మగవాళ్లలో నూటికి 40 మందిని యాంజియోగ్రామ్‌కి పంపితే, అదే తేడా కనబడిన స్త్రీలలో నలుగురినే పంపారు. యంత్రం ఒకే మాట చెప్పినా వినే చెవులు వేరయ్యాయన్న మాట. 1991లో బెర్నడీన్ హీలీ అనే గుండె వైద్యురాలు దీనికి 'యెంటిల్ సిండ్రోమ్' అని పేరు పెట్టింది. యెంటిల్ ఐజాక్ బాషెవిస్ సింగర్ కథలో పిల్ల. శాస్త్రాలు చదువుకోవడం కోసం మగవేషం వేస్తుంది. స్త్రీ గుండె కూడా మగవాడి గుండెలాగే జబ్బు పడి చూపిస్తే తప్ప ఆమెకి సమానంగా వైద్యం అందదు అన్నది హీలీ వాదన. గుండె వైద్యానికి కావలసిన మాటని ఒక డాక్టరు కథలోంచి తెచ్చుకుందంటే, మనం ఈ విషయంలో మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక ట్రెడ్‌మిల్ లెక్క. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం. అందులో 85 శాతం చేరితే శ్రమ చాలినట్టు. 56 ఏళ్లకి అది నిమిషానికి 139. పెద్దమ్మ చేరింది 134. అందుకే 'శ్రమ చాలలేదు'. 2010లో మార్తా గులాటి బృందం 5,437 మంది స్త్రీల మీద పరిశోధన చేసి, ఈ పాత సూత్రం స్త్రీలకి ఎక్కువ లెక్క కడుతోందని తేల్చింది. 206లోంచి, వయసుని 0.88తో హెచ్చవేసి తీసేయాలి అంది. ఆ లెక్కన పెద్దమ్మ చేరవలసింది 133. ఆమె చేరింది, దాటింది కూడా! ఈ ఒక్క సూత్రం మారిస్తే జబ్బు దొరికేదని నేననను. ఆ కాగితం మీద వాక్యం మాత్రం మారేది. పరీక్ష తేలలేదన్న నెపం ఆమె శ్రమ మీద పడేది కాదు.

న్యూక్లియర్ స్కాన్ సంగతి ఇంకా విచిత్రం. రొమ్ము అడ్డు వచ్చి గుండె ముందు గోడ మీద నీడ పడుతుంది. ఆ నీడని జబ్బుగా పొరపడతారు, లేదా నిజమైన జబ్బుని 'రొమ్ము నీడేలే' అని తోసేస్తారు. వైద్య పరిభాషలో దీన్ని 'ఆర్టిఫాక్ట్' అంటారు, అంటే పరీక్ష తీసే తీరులోంచి పుట్టిన దోషం. దాన్ని సరిదిద్దే పద్ధతులు ఉన్నాయి, బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీయొచ్చు కూడా. కానీ ఆ పేరుని ఒకసారి ఆలోచించండి. ప్రపంచంలో సగం మందికి ఉండే అవయవం ఒక పరీక్షకి దోషం ఎలా అయింది? ఆ పరీక్షకి మామూలు శరీరం ఏదో ముందే నిర్ణయమైపోయింది కాబట్టి. అసలు 1816లో లేనెక్ స్టెతస్కోపు కనిపెట్టిందే ఒక యువతి ఎదకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితం చుట్టి గొట్టం చేయడం వల్ల. ఆ మొహమాటం మంచి పరికరాన్ని ఇచ్చింది. ఆమె శరీరాన్ని పట్టించుకుని పరికరాన్ని మార్చుకున్నాడాయన. ఆ తర్వాత వచ్చిన యంత్రాల విషయంలో ఆమెనే పరికరానికి తగ్గట్టు మారమన్నారు.

ఇప్పుడు 'ఫాల్స్ పాజిటివ్' స్త్రీల దగ్గరికి వద్దాం. నొప్పి ఉండి, పరీక్షలో తేడా వచ్చి, యాంజియోగ్రామ్ శుభ్రంగా ఉన్నవాళ్లు. వీళ్లకి ఏమవుతోందో చూడటానికి అమెరికాలో 1996లో 'వైజ్' అనే అధ్యయనం మొదలైంది. 936 మంది స్త్రీలు. పెద్ద నాళాల్లో అడ్డులేని వాళ్లలో చాలామందికి, కంటికి కనబడనంత సన్నని నాళాలు అవసరమైనప్పుడు వ్యాకోచించడం లేదని బయటపడింది. నొప్పి నిజం. కండరానికి రక్తం చాలకపోవడం నిజం. ఇలాంటి వాళ్లకి తర్వాతి ఏళ్లలో గుండెపోటు వంటి ప్రమాదాలు, ఏ బాధా లేని స్త్రీల కన్నా ఎక్కువగా వచ్చాయి. అంటే అబద్ధమాడింది వాళ్లూ కాదు, మొదటి పరీక్షా కాదు. గీటురాయి అనుకున్నదానికి ఆ జబ్బుని చూసే కళ్లు లేవు.

ఇది పెద్దమ్మకి ఎలా చెప్పాలా అని తంటాలు పడ్డాను. టమాటా తోటలో డ్రిప్ గుర్తొచ్చింది. బోరునుంచి వచ్చే మెయిన్ పైపు బాగానే ఉంటుంది, ఉప్పునీళ్లకి సన్న రంధ్రాలు మూసుకుపోతాయి, మొక్క వాడిపోతుంది అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అట్లయితే మెయిన్ పైపు చూసి నీళ్లు బాగానే పోతా ఉండాయి అన్న్యారు. చెట్టు ఎండేది ఎవురూ చూళ్లా" అంది. ఇన్ని పేజీల్లో నేను చెప్పబోయేది అదే.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది మనవాళ్లదే. 'వైద్యమంతా పితృస్వామ్యమే, ఈ పరీక్షలన్నీ వ్యాపారమే, మన శరీరం మనకి తెలుసు' అనేది. ఈ మాట నాకు భయం కలిగిస్తుంది. మన దేశంలో స్త్రీల చావులకి అతి పెద్ద కారణం గుండె, రక్తనాళాల జబ్బులే. పరీక్షని తిరస్కరిస్తే మిగిలేది గ్యాస్ మాత్రే. 2018లో స్కాట్లండ్‌లో 4,146 మంది మీద జరిగిన స్కాట్-హార్ట్ పరిశోధన ఐదేళ్ల ఫలితాలు వచ్చాయి. మామూలు పద్ధతికి సీటీ యాంజియోగ్రామ్ కూడా జోడిస్తే గుండె జబ్బుతో చావు, గుండెపోటు కలిపి 3.9 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గాయి. కొంచెంగా మొదలైన పూడికని ముందే చూసి మందులు పెట్టడం వల్ల వచ్చిన మేలు అది. దాన్ని వద్దనడం స్త్రీవాదం ఎలా అవుతుంది?

రెండో అభ్యంతరం మార్కెట్‌ది. 'అయితే అందరికీ ఖరీదైన స్కాన్ తీద్దాం' అని. మార్చి 8 వస్తే చాలు డిస్కౌంట్ ప్యాకేజీల ఫ్లెక్సీలు లేస్తాయి. కానీ 2015లో వచ్చిన ప్రామిస్ పరిశోధన 10,003 మందిని చూసింది. అందులో సగానికి పైగా స్త్రీలే. సీటీతో మొదలుపెట్టినా, గుండె పనిని చూసే పరీక్షతో మొదలుపెట్టినా రెండేళ్ల పైచిలుకు కాలంలో ఫలితాల్లో తేడా రాలేదు. 2011లో 824 మంది స్త్రీల మీద జరిగిన ఇంకో పరిశోధనలో, నడవగలిగిన వాళ్లకి ముందు మామూలు ట్రెడ్‌మిల్ చేసినా న్యూక్లియర్ స్కాన్ చేసినా రెండేళ్లకి ఫలితం ఒకటే. ఖర్చు ట్రెడ్‌మిల్‌కే బాగా తక్కువ. కాబట్టి చవక పరీక్ష ఆడవాళ్లకి పనికిరాదని ఎవరైనా అంటే నమ్మకండి. సరైన మనిషికి, సరైన ప్రశ్నతో, సరిగ్గా చేసి, సరిగ్గా చదివితే అదీ పనికొస్తుంది. ఏ యంత్రం గొప్పదన్న చర్చకి ముందు, ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతున్నామో తేలాలి.

ఆ ప్రశ్న ఎక్కడ పుడుతుంది? ఆమె మాటలో. ఇక్కడే మన సాహిత్యం వాళ్లకి కూడా వాటా ఉంది. గుండె బరువెక్కడం, గుండె మండటం, గుండె చెరువవడం, గుండె రాయి చేసుకోవడం... తెలుగులో ఆడదాని గుండె ఎప్పుడూ ఉపమానమే. 'నీలిమేఘాలు' కాలంనుంచీ మన కవిత్వం పైట గురించి, ప్రసవం గురించి, గర్భసంచి గురించి శరీరాన్ని శరీరంగా మాట్లాడింది. 1990ల మొదట్లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' డాక్టరుని ప్రశ్నించడం నేర్పింది. అయినా గుండె మాత్రం మనకి మనసుగానే మిగిలిపోయింది. "ఎదలో మంట" అని ఒక ఆడది అంటే విమర్శకురాలు దుఃఖం అని చదువుతుంది, డాక్టరు టెన్షన్ అని చదువుతాడు. ఇద్దరూ కండరాన్ని మరిచిపోయారు. ప్రభుత్వాల దృష్టిలోనూ ఆడవాళ్ల ఆరోగ్యం అంటే కాన్పు, కుటుంబ నియంత్రణ. కనే వయసు దాటాక ఆమె ఎవరి లెక్కలోనూ లేదు. సరిగ్గా గుండె జబ్బు మొదలయ్యేది అప్పుడే.

డాక్టర్ల భాషలోనూ ఒక మాట ఉండేది. మగవాళ్లలో తరచుగా వచ్చే నొప్పిని 'మామూలు నొప్పి' అని, అలా లేనిదాన్ని 'అసాధారణ నొప్పి' అని. 2021లో అమెరికా గుండె వైద్య సంఘాలు ఎదనొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాలు ఈ 'అసాధారణం' అన్న మాటని వదిలేయమన్నాయి. ఆ రచనా సంఘానికి అధ్యక్షురాలు ఆ మార్తా గులాటియే. పెద్ద నాళాలు బాగుండి నొప్పి ఉన్నవాళ్లకి సన్న నాళాల పరీక్షలు ఎలా చేయాలో కూడా అందులో చెప్పారు. ఒక విశేషణాన్ని తీసేయడానికి ఇన్నేళ్లు పట్టింది. భాష చిన్న విషయం అనేవాళ్లకి ఇది చెప్పండి.

పెద్దమ్మ కథ ఇంకొంచెం ఉంది. ఆ సీడీ తీసుకుని ఇంకో ఊళ్లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె యంత్రం వైపు తిరగకుండా ముందు అడిగింది. ఏ పని చేస్తే వస్తుంది? ఎంతసేపుంటుంది? కూర్చుంటే తగ్గుతుందా? పెద్దమ్మ మెట్ల సంగతి చెప్పింది. గాలిగోపురం లోగా మూడుసార్లు కూర్చున్నానని. అంతకు ముందు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆ తర్వాత డాక్టరమ్మ అదే సీడీ మళ్లీ పెట్టి చూసింది. నాళాల్లో అడ్డు లేదు, నిజమే. కానీ డై చివరిదాకా పాకడానికి మామూలు కన్నా ఎక్కువసేపు తీసుకుంటోంది. సన్న నాళాల జబ్బుకి అది ఒక గుర్తు. పూర్తిగా రుజువు చేయాలంటే ఖరీదైన పరీక్షలు కావాలని, అవి లేకుండానే మందులు మొదలుపెట్టి చూద్దామని దాచకుండా చెప్పింది. నిద్ర మాత్ర ఆపింది. గుండె వేగం తగ్గించేది, కొలెస్ట్రాల్‌ది రాసింది, షుగర్ మందు మార్చింది. ఇప్పుడు నొప్పి చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. గుర్తుంచుకోండి, కొత్త పరీక్ష ఒక్కటీ చేయలేదు. అదే పాఠం, చదివినవాళ్లు మారారు.

అందుకే నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. గుండె పరీక్ష గదిలో స్త్రీ టెక్నీషియన్ ఉండాలి, కప్పుకోవడానికి సరైన బట్ట, కాలికి బూటు ఉండాలి. ఆమె ఎందుకు ఆగిందో ఆమె మాటల్లోనే, తెలుగులో రాయాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ప్రభుత్వంతో పాటు పేరు మార్చుకుంటూ వస్తున్న పథకంలో స్టెంట్‌కి ప్యాకేజీ ఉంది. 'పెద్ద నాళాల్లో అడ్డు లేదు, అయినా నీ నొప్పి నిజమే' అని తేల్చి చెప్పే వైద్యానికీ అలాంటి చోటు కావాలి. నార్మల్ అన్న యాంజియోగ్రామ్‌తో ఫైలు మూసేయకూడదు. 2014లో తిరుపతిలో ఆడపిల్లల కోసమే మొదలైన పద్మావతి వైద్య కళాశాలలో చదివే అమ్మాయిలు ఏ గుండెని మామూలు గుండెగా నేర్చుకుంటున్నారో అక్కడి అధ్యాపకురాళ్లు ఆలోచించాలి.

మనం చేయగలిగింది కూడా ఒకటుంది. మీ అమ్మ, అత్త, పెద్దమ్మల రిపోర్టులు ఏ బీరువాలోనో చీరల మడతల కింద ఉంటాయి. తీయండి. కవిత్వం చదివినంత శ్రద్ధగా చదవండి. 'శ్రమ చాలలేదు', 'కాళ్ల అలసట', 'ఆందోళన' అన్న మాటలు కనబడితే, ఆవిడ పక్కన కూర్చుని ఆ రోజు ఏం జరిగిందో అడగండి. ఎన్నో మెట్టు దగ్గర కూర్చుందో అడగండి. చెప్పింది రాసుకుని, ఆ కాగితం పట్టుకుని ఆవిడతో పాటు మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.